ఆపరేషన్ పనిముట్లకు రంగులెందుకు?



నడుముకు మత్తు ఇంజెక్షన్ తీసుకొని, మెలకువగానే ఆపరేషన్ చేయించుకునే వారు థియేటర్‌లో చుట్టూ చూస్తూ ఉంటారు. వార్డుకు వచ్చిన తర్వాత మా సిస్టర్లను ఎన్నో ప్రశ్నలు అడుగుతారు. "ఆ కత్తెరకు బంగారు పిడి ఎందుకు పెట్టారండీ?" "కొన్ని సామాన్లకు నీలం రంగు, కొన్నిటికి నలుపు రంగు ఎందుకు?" "అందం కోసమా? దాని ఖర్చు మా బిల్లులో వేస్తారా?" ఇవి మంచి ప్రశ్నలు. మీ శరీరాన్ని తాకే వస్తువుల గురించి తెలుసుకునే హక్కు మీకు ఉంది. అందుకే ఈసారి ఆపరేషన్ పనిముట్ల రంగుల గురించి వివరంగా చెప్పుకుందాం.

ముందుగా ఒక్క మాట. ఆపరేషన్ థియేటర్‌లో అలంకారం కోసం పెట్టిన రంగు ఏదీ ఉండదు. ప్రతి రంగూ నర్సుకో, డాక్టరుకో ఏదో ఒక సంగతి చెబుతుంది. అయితే రంగు చెప్పగలిగినది కొంతే. మిగతాది మనిషి చూసి, లెక్కపెట్టి, పరీక్షించి తెలుసుకోవాలి. ఈ రెండు విషయాలూ కలిపి అర్థం చేసుకుంటేనే ఈ పాఠం పూర్తవుతుంది.

రంగులు రాకముందు

వంద సంవత్సరాల క్రితం ఆపరేషన్ పనిముట్లు మామూలు ఉక్కుతో చేసి, పైన నికెల్ పూత వేసేవారు. ఆ పూత కొంతకాలానికి పెచ్చులుగా లేచేది. లేచిన చోట తుప్పు పట్టేది. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డ్ నగరంలో హ్యారీ బ్రియర్లీ అనే ఆయన క్రోమియం కలిపిన, తుప్పు పట్టని ఉక్కును తయారు చేశారు. మన వంటింట్లో వాడే స్టీలు సామాన్లకూ, ఆపరేషన్ సామాన్లకూ మూలం అదే స్టెయిన్‌లెస్ స్టీలు. పదే పదే కడిగినా, ఆవిరిలో మరిగించినా అది సులువుగా చెడిపోదు.

కానీ స్టీలుతో ఒక చిక్కు ఉంది. అన్నీ ఒకేలా మెరుస్తాయి. ఉదాహరణకు ఆర్టరీ ఫోర్సెప్స్, కోచర్ ఫోర్సెప్స్ అనే రెండు పనిముట్లు ఉన్నాయి. రెండూ కత్తెర ఆకారంలోనే ఉంటాయి. ఆర్టరీ ఫోర్సెప్స్‌తో రక్తం కారే నాళాన్ని సున్నితంగా పట్టుకుంటారు. కోచర్‌కు కొనలో పళ్ళు ఉంటాయి. అది గట్టి కండరపు పొరల్ని పట్టుకోవడానికి. దాన్ని పేగు వంటి మెత్తని భాగానికి వేస్తే చిరిగిపోతుంది. పిడి వైపు నుంచి చూస్తే మాత్రం రెండిటికీ తేడా కనిపించదు. ఒక పెద్ద ఆపరేషన్‌కు పెట్టే పనిముట్లు వంద దాటవచ్చు. అందులో డాక్టరు చెయ్యి చాపగానే సరైనది అందించాలి.

మేము శిక్షణ పొందిన రోజుల్లో కొనలు చూసి, చేతితో తడిమి గుర్తుపట్టడం నేర్పేవారు. ఇప్పటికీ మా విద్యార్థినులకు అదే ముందు నేర్పుతాం. రంగు ఆ చదువుకు తోడు మాత్రమే.

థియేటర్‌లో మొదటి రంగు గుడ్డలకే

థియేటర్‌లో డాక్టర్లు, నర్సులు ఆకుపచ్చ లేదా నీలం బట్టలు వేసుకోవడం మీరు చూసే ఉంటారు. ఒకప్పుడు అన్నీ తెలుపే. తెల్లని గోడలు, తెల్లని దుప్పట్లు, పైన బలమైన లైటు ఉండటంతో సర్జన్ల కళ్ళు అలసిపోయేవి. 1914లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో హ్యారీ షెర్మన్ అనే సర్జన్ తన థియేటర్‌కు ఆకుపచ్చ రంగు వాడారు.

దీనికి కారణం మీరు ఇంట్లోనే పరీక్షించవచ్చు. ఎర్రని కాగితాన్ని అర నిమిషం కన్నార్పకుండా చూసి, వెంటనే తెల్లగోడ వైపు చూడండి. గోడ మీద పచ్చని మచ్చ కనిపిస్తుంది. రక్తాన్ని గంటలకొద్దీ చూసే సర్జన్‌కు తెల్లగుడ్డ మీద అలాంటి మచ్చలే కనిపిస్తాయి. గుడ్డ ఆకుపచ్చగానో నీలంగానో ఉంటే ఆ మచ్చ అందులో కలిసిపోతుంది. కంటికి విశ్రాంతి దొరుకుతుంది. రంగు వల్ల పని సులువవుతుందని థియేటర్ వారు ముందే గ్రహించారన్నమాట. పనిముట్ల విషయంలో కూడా అదే ఆలోచన.

ఏ రంగు ఏం చెబుతుంది?

1. బంగారు రంగు పిడి

ఇది చూసి "డాక్టరు గారి కత్తెర బంగారందా?" అని చాలామంది నవ్వుతూ అడుగుతారు. కుట్లు వేసే సూదిని పట్టుకునే నీడిల్ హోల్డర్‌కు, కొన్ని కత్తెరలకు ఈ పిడి ఉంటుంది. పిడి మీద పలుచని బంగారు పూత ఉంటుంది. కానీ అసలు సంగతి కొనలో ఉంది. కొనలో టంగ్‌స్టన్ కార్బైడ్ అనే చాలా గట్టి పదార్థపు పలకలు అతికించి ఉంటాయి. మన ఊళ్ళలో బోరు వేసే బండి చూశారు కదా. బండను తొలిచే ఆ బిట్టు కొనకు ఉండేది కూడా టంగ్‌స్టన్ కార్బైడే. మామూలు స్టీలు కొన కొంతకాలానికి అరిగి, పట్టుకున్న సూది జారిపోతుంది. లోతైన చోట కుట్టు వేసేటప్పుడు సూది జారితే ప్రమాదం. ఈ గట్టి కొన సూదిని కదలనివ్వదు. బంగారు రంగు "నా కొన గట్టిది, నన్ను సున్నితమైన సూదికి వాడండి, తీగలు కత్తిరించడానికి వాడకండి" అని నర్సుకు చెబుతుంది.

2. నలుపు రంగు

మెరిసే లోహం మీద థియేటర్ లైటు పడితే అద్దం మీద ఎండ పడ్డట్లు కళ్ళలోకి కొడుతుంది. మైక్రోస్కోప్ కింద చేసే చెవి, కంటి ఆపరేషన్లలో ఇది మరీ ఇబ్బంది. అందుకే చాలా పనిముట్లను ఇప్పుడు మెరుగు పెట్టకుండా మసక స్టీలుతో చేస్తారు. కొన్నిటికి నల్లని పూత వేస్తారు.

లేజర్ వాడే ఆపరేషన్లలో ఈ పూత మరీ ముఖ్యం. లేజర్ కిరణం మెరిసే పనిముట్టు మీద పడి పక్కకు తిరిగితే పేషెంటు చర్మాన్నో, అక్కడున్న వారి కంటినో కాల్చగలదు. గుడ్డలకు మంట కూడా అంటుకోవచ్చు. నల్లని, గరుకు పూత ఆ కిరణాన్ని చెదరగొడుతుంది. పూత గీసుకుపోయి లోపలి స్టీలు మెరుస్తూ కనిపిస్తే ఆ పనిముట్టును లేజర్ గదిలోకి పంపకూడదు.

ఇంకో సంగతి. కొన్ని కంపెనీల కత్తెరలకు పిడి నల్లగా ఉంటే, అంచు మామూలు కంటె ఎక్కువ పదును అని గుర్తు. అందుచేత నలుపు ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటే అనుకోకూడదు. ఏ పనిముట్టు మీద ఉన్న నలుపో చూడాలి.

3. కరెంటు పనిముట్ల మీద రంగు తొడుగు

ఈ ఒక్కటీ శ్రద్ధగా చదవండి. మీ ప్రాణానికి దగ్గర సంబంధం ఉన్న రంగు ఇదే.

ఆపరేషన్‌లో రక్తం ఆపడానికి కాటరీ అనే కరెంటు పనిముట్టు వాడతారు. గాల్ బ్లాడర్ రాళ్ళకు, అపెండిక్స్‌కు చిన్న రంధ్రాల ద్వారా చేసే ల్యాప్రోస్కోపీ ఆపరేషన్లలో ఈ పనిముట్లు పొడవుగా, సన్నగా ఉంటాయి. కొన దగ్గర మాత్రమే కరెంటు పని చేయాలి. మిగతా కాడ అంతా కరెంటు బయటకు రాకుండా తొడుగు పూత ఉంటుంది. ఇంట్లో కరెంటు వైరు మీద ప్లాస్టిక్ ఉన్నట్లే.

వైరు ప్లాస్టిక్ ఎక్కడైనా చిట్లితే షాక్ కొడుతుంది. అలాగే ఈ తొడుగులో వెంట్రుక వాసి పగులు ఉన్నా, అక్కడి నుంచి కరెంటు పక్కనున్న పేగును కాల్చగలదు. కెమెరా కొన వైపే చూస్తూ ఉంటుంది కాబట్టి ఆ కాలిన చోటు తెర మీద కనిపించకపోవచ్చు. కాలిన పేగు గోడ వెంటనే కాక, కొన్ని రోజుల తర్వాత చిల్లు పడవచ్చు.

ఈ ప్రమాదాన్ని ముందే పట్టుకోవడానికి కొన్ని పనిముట్లకు రెండు రంగుల పూతలు వేస్తారు. పైన ఒక రంగు, లోపల కంటికి కొట్టొచ్చినట్లు కనిపించే మరో రంగు. పై పూత అరిగితే లోపలి రంగు బయటపడుతుంది. అంటే పనిముట్టు తానే "నేను పాడయ్యాను, నన్ను పక్కన పెట్టండి" అని చెబుతుంది. కంటికి కనిపించని సన్నని పగుళ్ళను పట్టుకోవడానికి ప్రత్యేకమైన టెస్టర్ యంత్రాలు కూడా ఉన్నాయి. రంగు కనిపించలేదని పరీక్ష మానకూడదు.

4. ఎముకల ఆపరేషన్‌లో రంగురంగుల స్క్రూలు

చెయ్యి, కాలు విరిగినప్పుడు వేసే టైటానియం స్క్రూలు, ప్లేట్లు నీలం, ఊదా, బంగారు, ఆకుపచ్చ రంగుల్లో కనిపిస్తాయి. "ఆ రంగు ఒంట్లో కరిగిపోదా?" అని ఎముకల వార్డులో చాలామంది భయపడతారు. భయం అక్కరలేదు. అది పెయింట్ కాదు. వాన పడిన రోడ్డు మీద నూనె చుక్క పడితే ఇంద్రధనుస్సు రంగులు వస్తాయి కదా. నూనెలో ఆ రంగులేవీ ఉండవు. పొర మందాన్ని బట్టి వెలుగు అలా కనిపిస్తుంది. టైటానియం మీద కూడా కరెంటు సహాయంతో ఆ లోహపు ఆక్సైడ్ పొరనే కొద్దిగా మందం చేస్తారు. పొర మందాన్ని బట్టి రంగు మారుతుంది. అందులో రంగు పదార్థం ఏమీ కలపరు.

దీని లాభం ఏమిటంటే, ఒక్కొక్క సైజుకు ఒక్కొక్క రంగు పెట్టవచ్చు. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా ఉన్న స్క్రూలను కంటితో పోల్చడం కష్టం. సరిపోని స్క్రూ వేస్తే ఎముకలో పట్టు దొరకదు. స్క్రూ రంగు, దాన్ని వేసే డ్రిల్ బిట్టు మీది రంగు గుర్తు ఒకటే అయితే జత సులువుగా కలుస్తుంది. రంగు చూసిన తర్వాత కూడా కొలతతో సరిచూసుకునే అందిస్తాం.

5. పిడికి చుట్టిన రంగు టేపు

ఇది అన్నిటికంటె చవకైనది, మన వంటి ఆసుపత్రులకు ఎక్కువగా పనికొచ్చేది. పెళ్ళికి నలుగురి ఇళ్ళ నుంచి గిన్నెలు తెచ్చినప్పుడు కలిసిపోకుండా మన పెద్దలు ఏం చేసేవారు? గిన్నె అడుగున రంగు చుక్క పెట్టేవారు, లేదా పేరు చెక్కించేవారు. థియేటర్‌లో కూడా అంతే. సిజేరియన్ సెట్టుకు ఒక రంగు, హెర్నియా సెట్టుకు ఒక రంగు, చిన్నపిల్లల సెట్టుకు ఒక రంగు. ఆవిరికి తట్టుకునే టేపును పిడి దగ్గర చుడతాం. కొన్ని కంపెనీలు టేపు బదులు పిడి మీదనే రంగు పూత వేసి ఇస్తాయి.

అర్ధరాత్రి అత్యవసరంగా ఒక తల్లిని సిజేరియన్‌కు తీసుకువచ్చారనుకోండి. సెట్టు విప్పగానే ఒక్క చూపులో అన్నీ ఒకే రంగు అని తెలియాలి. వేరే రంగు మధ్యలో కనిపిస్తే ఏదో కలిసిపోయిందని అర్థం. ఇంకో సెట్టులో ఒకటి తక్కువై ఉంటుందని కూడా అర్థం. కడిగే గదిలోనే ఆ తప్పు దొరికిపోతే థియేటర్‌లో వెతుకులాట ఉండదు.

రంగుల వల్ల లాభాలు

పైన చెప్పినవన్నీ కలిపి చూస్తే లాభాలు ఇవి:

- కావలసిన పనిముట్టు త్వరగా చేతికి వస్తుంది. మత్తులో ఉండే సమయం వృథాగా పెరగదు.
- ఒకేలా కనిపించే పనిముట్లు తారుమారు కావడం తగ్గుతుంది.
- సెట్లు కలిసిపోవు. లెక్క సులువవుతుంది.
- అరిగినది, పాడైనది ముందే తెలుస్తుంది.
- కాంతి కళ్ళలోకి కొట్టదు. లేజర్ ప్రమాదం తగ్గుతుంది.
- కొత్తగా వచ్చిన సిస్టర్లు త్వరగా నేర్చుకుంటారు.

రంగు చేయలేని పనులు

ఇప్పుడు రెండో సంగతి. రంగును నమ్మాలి గాని, రంగు మీదనే ఆధారపడకూడదు.

మొదటిది, లెక్క. ఆపరేషన్ మొదలుపెట్టే ముందు, లోపలి భాగం మూసే ముందు, చర్మం కుట్టే ముందు పనిముట్లు, సూదులు, మాప్‌లు, గాజుగుడ్డలు లెక్కపెడతారు. స్క్రబ్ నర్సు, ఫ్లోర్ నర్సు ఇద్దరూ కలిసి, పైకి వినిపించేలా లెక్కపెట్టాలి. 2003లో అమెరికాలో ప్రచురించిన ఒక అధ్యయనంలో, లోపల వస్తువు మరచిపోయిన 54 మంది పేషెంట్ల వివరాలు పరిశీలించారు. వాటిలో మూడింట రెండు వంతులు గుడ్డలే, మిగిలినవి పనిముట్లు. అత్యవసర ఆపరేషన్లలో ఈ ప్రమాదం దాదాపు తొమ్మిది రెట్లు ఎక్కువగా ఉంది. ఇంకా ఆలోచించవలసిన విషయం ఏమిటంటే, లెక్కపెట్టిన కేసుల్లో ఎక్కువ భాగం "లెక్క సరిపోయింది" అని రాసినవే. అంటే తొందరలో పెట్టిన లెక్క లెక్క కాదు.

రక్తంలో తడిసిన గుడ్డ లోపల కనిపించదు. అందుకే ఆపరేషన్ గుడ్డల్లో ఎక్స్‌రేలో కనిపించే దారం నేస్తారు. అది చాలావరకు నీలం రంగులో ఉంటుంది. లెక్క తేడా వస్తే ఎక్స్‌రే తీస్తారు. దారం రంగు మన కంటి కోసం, దానిలోని పదార్థం ఎక్స్‌రే కోసం.

రెండోది, శుద్ధి. రంగు పూత ఉన్నందువల్ల క్రిములు చావవు. క్రిములను చంపేది శుభ్రంగా కడగడం, ఆ తర్వాత ఆటోక్లేవ్ ఆవిరి. లోపల వేడి 121 డిగ్రీలకు చేరిన తర్వాత కనీసం 15 నిమిషాలు, 134 డిగ్రీలయితే కనీసం 3 నిమిషాలు ఉంచాలి. ప్యాకెట్ మీది ఆటోక్లేవ్ టేపు చారలు నల్లబడితే ఆ ప్యాకెట్‌కు వేడి తగిలిందని మాత్రమే తెలుస్తుంది. లోపలి వరకు ఆవిరి చేరిందో లేదో తెలుసుకోవడానికి లోపల వేరే సూచిక పెడతారు. ఇక్కడ కూడా రంగు సగమే చెబుతుంది.

మూడోది, రంగులు గుర్తించలేని కళ్ళు. కొంతమందికి పుట్టుకతోనే ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. ఇది మగవారిలోనే ఎక్కువ. అందుకని రంగుతో పాటు అంకె గాని, అక్షరం గాని పనిముట్టు మీద ఉండటం మంచిది.

నాలుగోది, అన్నిచోట్లా ఒకే పద్ధతి లేదు. చేతికి పెట్టే సెలైన్ క్యాన్యులా రంగులు ప్రపంచమంతా ఒకటే. ఆకుపచ్చ అంటే 18, గులాబి అంటే 20, నీలం అంటే 22, పసుపు అంటే 24 నంబరు. పసిపిల్లలకు పసుపు రంగుది పెట్టడం మీరు చూసే ఉంటారు. కానీ ఆక్సిజన్ సిలిండర్‌ను చూడండి. మన దేశంలో నల్లగా ఉండి పై భాగం తెల్లగా ఉంటుంది. అమెరికాలో ఆకుపచ్చగా ఉంటుంది. టేపు రంగుల విషయంలో అయితే ఏ ఆసుపత్రి పట్టిక ఆ ఆసుపత్రిదే. ఒకచోట సిజేరియన్‌కు ఎరుపు అయితే, ఇంకోచోట హెర్నియాకు ఎరుపు కావచ్చు. అందువల్ల రంగుల పట్టిక థియేటర్‌లోనూ, కడిగే గదిలోనూ గోడ మీద ఉండాలి. కొత్తగా చేరిన వారికి మొదటి రోజే నేర్పాలి.

ఐదోది, పూత కూడా పాతబడుతుంది. టేపు అంచు లేస్తే దాని కింద రక్తం, క్రిములు చేరతాయి. పెచ్చు ఊడితే ఆపరేషన్ చోటులో పడవచ్చు. అప్పుడు మేలు చేయవలసిన రంగే కీడు చేస్తుంది. అందుకని లేచిన టేపును మళ్ళీ అతికించరు. పూర్తిగా తీసి, జిగురు తుడిచి, కొత్తది చుడతారు. ఒకటిన్నర చుట్టుకు మించి చుట్టరు. పిడి దగ్గరే చుడతారు గాని, మడత దగ్గర గాని, కొన దగ్గర గాని చుట్టరు.

పూతను కాపాడేది కడిగే గది

నాన్‌స్టిక్ పెనాన్ని స్టీలు పీచుతో తోమితే ఏమవుతుందో గృహిణులకు చెప్పనక్కరలేదు. రంగు పనిముట్లకూ అంతే. మా కడిగే గదిలో పనిచేసే వారికి చెప్పే నియమాలు ఇవి:

- వాడిన వెంటనే చల్లని నీటితో రక్తం కడగాలి. వేడినీళ్ళు పోస్తే రక్తం గడ్డకట్టి అంటుకుపోతుంది.
- సెలైన్‌లో నానబెట్టకూడదు. ఉప్పు స్టీలును తింటుంది.
- బ్లీచింగ్ ద్రావణంలో వేయకూడదు.
- ఇనుప బ్రష్ వాడకూడదు. మెత్తని నైలాన్ బ్రష్ వాడాలి.
- ఘాటు సబ్బు కాకుండా, పనిముట్లకోసం తయారు చేసిన ద్రావణాన్నే వాడాలి.
- బరువైనవి కింద, సున్నితమైనవి పైన పెట్టాలి. ఒకదానికొకటి రాసుకుంటే పూత గీసుకుపోతుంది.
- ఆరిన తర్వాత వెలుగులో పెట్టి, ఒక్కొక్కటీ తిప్పి చూడాలి.

ఈ పని చేసే అక్కచెల్లెళ్ళను, అన్నదమ్ములను పేషెంట్లు ఎప్పుడూ చూడరు. ఎవరూ వారికి థ్యాంక్స్ చెప్పరు. కానీ పగిలిన తొడుగును ముందుగా చూసేది సర్జన్ కళ్ళు కావు, వారి కళ్ళు. వారు పక్కన పెట్టిన ఒక్క పనిముట్టు ఒక కుటుంబాన్ని కాపాడి ఉండవచ్చు.

నోటి మాటకు ఉన్న బలం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ భద్రత కోసం 19 అంశాల చెక్‌లిస్టును విడుదల చేసింది. మత్తు ఇచ్చే ముందు, కోసే ముందు, పేషెంటు థియేటర్ నుంచి బయటకు వెళ్ళే ముందు, ఇలా మూడుసార్లు ఆగి, పైకి చదివి సరిచూసుకోవాలి. పేషెంటు ఎవరు, ఏ వైపు ఆపరేషన్, పనిముట్ల శుద్ధి జరిగిందా, లెక్క సరిపోయిందా అనేవి అందులో ఉన్నాయి. ఎనిమిది దేశాల్లో ఎనిమిది ఆసుపత్రుల్లో దీన్ని పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించారు. ఆపరేషన్ తర్వాత వచ్చే పెద్ద ఇబ్బందులు నూటికి 11 నుంచి 7కు తగ్గాయి. మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయి. ఆ ఎనిమిదిలో మన దేశం నుంచి ఉన్నది ఢిల్లీలోని సెయింట్ స్టీఫెన్స్ ఆసుపత్రి. అది కూడా మిషన్ ఆసుపత్రే అని చెప్పడానికి సంతోషిస్తున్నాను.

దానికి ఖరీదైన యంత్రం ఏదీ కొనలేదు. ఒక కాగితం, ఆగి అడిగే అలవాటు చాలాయి. అందుకే మా విద్యార్థినులతో ఎప్పుడూ అంటాను: రంగు కంటికి సాయం చేస్తుంది, లెక్క మాత్రం నోటితో చెప్పాలి.

మీరు అడిగే ప్రశ్నలు

ప్రశ్న: రంగు పనిముట్లు వాడితే బిల్లు పెరుగుతుందా?
జవాబు: కత్తెరలు, ఫోర్సెప్స్ వంటివి ఆసుపత్రి సొత్తు. శుద్ధి చేసి ఎన్నో ఆపరేషన్లకు వాడతారు. పిడి రంగును బట్టి బిల్లు వేయరు. ఒంట్లో ఉండిపోయే ప్లేటు, స్క్రూలకు మాత్రం వాటి రకాన్ని బట్టి ధర ఉంటుంది. ఆ వివరం ముందే అడగండి.

ప్రశ్న: రంగు పనిముట్లు లేని ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించుకోవచ్చా?
జవాబు: తప్పకుండా. మామూలు స్టీలు పనిముట్లతో, మంచి లెక్కతో, మంచి శుద్ధితో చేసిన ఆపరేషన్ సురక్షితమే. రంగు ఉండి లెక్క లేకపోతేనే ప్రమాదం.

ప్రశ్న: ఒంట్లో రంగు ప్లేటు ఉంటే స్కానింగ్ తీయించుకోవచ్చా?
జవాబు: రంగును బట్టి కాదు, లోహాన్ని బట్టి చెప్పాలి. అందుకే డిశ్చార్జి కాగితంలో ప్లేటు వివరాల స్టిక్కరు ఉందో లేదో చూసుకొని జాగ్రత్త చేయండి. ఎం.ఆర్.ఐ. తీసే ముందు ఆ కాగితం చూపించండి.

ప్రశ్న: లెక్క పెట్టారా అని మేము అడిగితే డాక్టరు గారు ఏమైనా అనుకుంటారా?
జవాబు: మర్యాదగా అడిగితే ఎవరూ తప్పుగా అనుకోరు. "సిస్టర్ గారూ, చెక్‌లిస్టు చదువుతారా అండీ?" అని అడగండి చాలు.

ల్యాప్రోస్కోపీ చేయించుకున్న వారికి ముఖ్య గమనిక

ఆపరేషన్ తర్వాత నొప్పి రోజురోజుకూ తగ్గుతూ రావాలి. అలా కాకుండా కడుపు నొప్పి పెరుగుతున్నా, కడుపు ఉబ్బుతున్నా, జ్వరం వచ్చినా, వాంతులు ఆగకపోయినా వెంటనే ఆసుపత్రికి రండి. "గ్యాసు పట్టింది, సోడా తాగితే పోతుంది" అని ఇంట్లో ఉండిపోవద్దు. డిశ్చార్జి అయి నాలుగైదు రోజులైనా, వారం దాటినా సరే, రావాలి. రాత్రయినా, ఆదివారమైనా సరే. ఊరి డాక్టరు దగ్గరికి వెళితే, ఏ ఆపరేషన్ ఎప్పుడు జరిగిందో కాగితం చూపించండి. పేగు సమస్యను తొందరగా గుర్తిస్తే బాగు చేయవచ్చు. ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది.

గుర్తుంచుకోవలసినవి

1. థియేటర్‌లో ప్రతి రంగుకూ ఒక అర్థం ఉంది. అందం కోసం కాదు.
2. బంగారు పిడి గట్టి కొనకు గుర్తు. నల్లని మసక పూత కాంతి తిరగకుండా ఆపుతుంది. కరెంటు పనిముట్ల తొడుగు పేగులను కాపాడుతుంది. టేపు రంగు సెట్టును తెలుపుతుంది.
3. రంగు లెక్కకు బదులు కాదు. శుద్ధికి బదులు కాదు.
4. పూత చెడితే పనిముట్టు పక్కకు పోవాలి.
5. ఒంట్లో ప్లేటు, స్క్రూలు ఉంటే వాటి కాగితాలు భద్రపరచండి.
6. ఆపరేషన్ తర్వాత నొప్పి పెరిగితే ఆగకుండా రండి.

ఈ పాఠాన్ని మీ ఇంట్లో ఆపరేషన్‌కు సిద్ధంగా ఉన్న వారికి చదివి వినిపించండి. సందేహం ఉంటే వార్డు సిస్టరును అడగండి. ఆమెకు తీరిక లేకపోతే నా గదికి రండి, కూర్చోబెట్టి చెబుతాను.

— నర్సింగ్ సూపరింటెండెంట్